గుర్రపు పగ్గం అల్లిన చేతులు

మన చరిత్ర పాఠాల్లో గుర్రం లేని యుద్ధం దాదాపు లేదు. ఏ రాజుకి ఎన్ని వేల గుర్రాలుండేవి, అవి ఏ దేశం నుంచి ఓడల్లో వచ్చేవి అని పుస్తకాల్లో రాసి ఉంటుంది. కానీ గుర్రం ఎక్కితే చాలదు కదా. దాని నోటికి కళ్ళెం ఉండాలి, కళ్ళానికి పగ్గం ఉండాలి, వీపు మీద జీను జారకుండా పొట్ట కింద బిగించే పట్టె ఉండాలి. వీటిలో ఎక్కువ భాగం తోలుతో చేసినవే. ఆ తోలు ఎవరు ఒలిచినారు, ఎవరు కోసినారు, ఎవరు అల్లినారు అని మాత్రం నేను చదివిన ఏ పాఠంలోనూ లేదు. ఈ వ్యాసం వాళ్ళ గురించి. ఇందులో కొంత పుస్తకాల్లో చదివింది, కొంత మా తాత దగ్గర కూర్చుని నేర్చుకున్నది.

మాది తుమకూరు జిల్లా పావగడ తాలూకా వల్లూరు. కర్ణాటకలో ఉన్నా మా ఇండ్లలో మాట్లాడేది తెలుగే. మ్యాపులో చూస్తే మా తాలూకా చుట్టూ ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశే ఉంటుంది. మా తాత తోలుపని చేసేవాడు. ఆయన నాయన కూడా అదే పని. మేము మాదిగలం. ఈ మాట ఇక్కడే రాస్తున్నాను, ఎందుకంటే ఇది చెప్పకుండా తోలు చరిత్ర చెప్పడం కుదరదు.

పచ్చితోలు అంటే ఏమి?

తోలు రెండు రకాలు. ఒకటి పదును చేసిన తోలు. చర్మాన్ని సున్నపు నీళ్ళల్లో నానబెట్టి, వెంట్రుకలు తీసి, తర్వాత తంగేడు చెక్క, కరక్కాయలు వేసిన లందలో చాలా రోజులు ఊరబెడితే అది మెత్తగా, కుళ్ళకుండా తయారవుతుంది. చెప్పులు దీనితోనే కుడతారు. మా పక్క గుట్టల మీద పచ్చగా పూసే తంగేడు చెట్టు పండగ పువ్వుకే కాదు, ఈ పనికి కూడా పనికొస్తుంది.

రెండోది పచ్చితోలు. దీన్ని లందలో వెయ్యరు. మాంసం, కొవ్వు గీకేసి, వెంట్రుకలు తీసి, నేల మీద మేకులు కొట్టి సాగదీసి నీడలో ఆరబెడతారు. ఆరినాక అది చెక్కలాగ గట్టిగా అవుతుంది. మళ్ళీ నీళ్ళు తగిలితే మెత్తబడుతుంది. తడిగా ఉన్నప్పుడు కట్టి ఎండనిస్తే ముడుచుకుని బిగుసుకుపోతుంది. ఈ ఒక్క గుణం వల్లనే పచ్చితోలుకి ఇన్ని ఉపయోగాలు వచ్చినాయి. తప్పెట మీద వేసేది పచ్చితోలే. అందుకే వానాకాలంలో తప్పెట మోగక మంట దగ్గర కాచుకోవాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేది కూడా లందలో వెయ్యని మేకతోలుతోనే. అందుకే దాని వెనక దీపం పెడితే వెలుగు ఇవతలికి వస్తుంది.

ఈ పచ్చితోలుని సన్నగా కోస్తే దాన్ని వారు అంటారు. వార్లని పేనినా, అల్లినా తోలుతాడు అవుతుంది. దాన్ని మా తాత మిణి అంటాడు. కన్నడంలో కూడా మిణి అనే అంటారు.

గుర్రాలు వచ్చిన దారి

దక్షిణ దేశంలో మంచి యుద్ధపు గుర్రాలు పుట్టేవి కావు. ఇక్కడి వేడి, మేత వాటికి సరిపడేవి కావు. అందుకని అరేబియా, పర్షియా నుంచి సముద్రం మీద తెప్పించుకునేవాళ్ళు. 13వ శతాబ్దం చివర తమిళ తీరానికి వచ్చిన మార్కో పోలో, అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారనీ, చూసుకోవడం తెలియక వాటిలో చాలా భాగం చచ్చిపోతాయనీ రాసినాడు. తెలుగు తీరంలో కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, ఓడ వర్తకులకి భయం లేకుండా చేసినాడు.

విజయనగర కాలానికి ఈ వ్యాపారం ఇంకా పెరిగింది. 1510లో పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నాక గుర్రాల వ్యాపారం వాళ్ళ చేతికి పోయింది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పేటప్పుడు, ఏనుగులు, గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకులని బాగా చూసుకోవాలనీ, అవి శత్రువుల చేతికి పోకుండా చూడాలనీ చెప్పినాడు. నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని రాసినాడు. ఆయన కంటే ముందు వచ్చిన పేస్ మహానవమి పండగలో అలంకరించిన గుర్రాల వరసలు చూసి ఆశ్చర్యపోయినాడు.

పోయిన సంవత్సరం బడి నుంచి హంపికి పోయినప్పుడు హజారరామ గుడి ప్రహరీ గోడ చూసినాము. కింద వరసలో ఏనుగులు, దాని మీద వరసలో గుర్రాలు, ఆ మీద సైనికులు, నాట్యం చేసేవాళ్ళు. శిల్పి రాతిలో గుర్రాల మెడల మీద, మూతుల మీద పట్టెలు, పగ్గాలు కూడా చెక్కినాడు. అందరూ గుర్రాలని ఫోటో తీసుకుంటా ఉంటే నేను పట్టెలని చూస్తా నిలబడినాను.

లెక్క వేసి చూడండి. 13,000 గుర్రాలంటే 13,000 కళ్ళాలు, 13,000 పగ్గాలు, అన్ని పొట్టపట్టెలు. నూలుతాళ్ళు కూడా వాడేవాళ్ళు కానీ జీనుకి, పట్టెలకి తోలు కావాల్సిందే. తోలు ఎండకి, చెమటకి, వానకి పాడవుతుంది. ఒకసారి చేస్తే అయిపోయే పని కాదు, ప్రతి ఏడూ మళ్ళీ మళ్ళీ చేయాలి. గుర్రాలు సముద్రం దాటి వచ్చినాయి కానీ, వాటిని ఆపే తోలు ఇక్కడి పశువుల నుంచి, ఇక్కడి చేతుల నుంచి వచ్చింది.

మా సీమలో గుర్రపు దండ్లు

మా ఊరు ఉన్న చోటు దండ్లు తిరిగిన దారి. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకి వచ్చి అక్కడి నుంచి పాలించినారు. మా తాలూకాలో నిడుగల్లు దుర్గం, పావగడ కోట ఇప్పటికీ ఉన్నాయి. వాటిని పాళెగాళ్ళు ఏలినారు. 1687లో మొగలులు సిరాని ఒక సుబాకి ముఖ్యపట్టణం చేసినారు. పెనుకొండ కూడా ఆ సుబాలోనే చేరింది. 1761లో సిరా హైదరాలీ చేతికి వచ్చింది.

హైదరాలీ బలం చాలావరకు గుర్రపు దండే. అందులో సిలేదార్లు అనే రౌతులు ఉండేవాళ్ళు. సిలేదారు అంటే గుర్రమూ, ఆయుధమూ సొంతంగా తెచ్చుకుని జీతానికి చేరేవాడు. గుర్రం సొంతమైతే దాని సామాను బాధ్యత కూడా రౌతుదే కదా. పగ్గం తెగితే శ్రీరంగపట్నం దాకా పోయి తెచ్చుకోడు, మజిలీ చేసిన ఊళ్ళోనే తోలుపని చేసేవాళ్ళని వెతుక్కుంటాడు. మా జిల్లాలోనే కుణిగల్‌లో టిప్పు సుల్తాన్ కాలంలో గుర్రాల పెంపకం జరిగింది. ఆ గుర్రాల ఫారం ఈ కాలం దాకా నడిచింది.

1799లో టిప్పు చనిపోయినాక మా పక్క అనంతపురం సీమ కుంపిణీ వాళ్ళకి పోయింది, పావగడ మైసూరులో మిగిలింది. అందుకే ఈ రోజు మా బంధువులు సగం మంది ఆ రాష్ట్రంలో, సగం మంది ఈ రాష్ట్రంలో ఉన్నారు. 1807 ఒప్పందం ప్రకారం మైసూరు రాజు 4,000 మంది రౌతులని ఎప్పుడూ సిద్ధంగా ఉంచాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన మైసూరు లాన్సర్లు మొదటి ప్రపంచయుద్ధంలో 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి హైఫా పట్టణాన్ని గుర్రాల మీద పోయి గెలిచినారు. ఢిల్లీలో మూడు విగ్రహాలున్న తీన్‌మూర్తి హైదరాబాదు, జోధ్‌పూర్, మైసూరు లాన్సర్ల గుర్తుగా కట్టిందే.

అయితే ఈ కాలానికి సైన్యాల జీన్లు, పట్టెలు కాన్పూరు లాంటి చోట్ల పెద్ద ఫ్యాక్టరీల్లో తయారు కావడం మొదలైంది. గుర్రపు సామాను పని ఊళ్ళ నుంచి మెల్లగా పోయింది. చివరికి ఊళ్ళల్లో మిగిలింది జట్కా గుర్రమే. మా తాత చిన్నప్పుడు హిందూపురం నుంచి వచ్చే జట్కావాళ్ళకి తెగిన పట్టెలు కుట్టి ఇచ్చేవాడంట. ఆటోలు వచ్చినాక అదీ పోయింది.

పేరు లేని పనివాళ్ళు

పాత కాలంలో ఊరికి ఆయగాళ్ళు ఉండేవాళ్ళు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి ఇట్లా. చాలా ఊళ్ళలో తోలుపని చేసేవాళ్ళు కూడా అందులో ఉండేవాళ్ళు. రైతుకి ఏడాదంతా పని చేస్తే, కోతలైనాక కళ్ళంలో మేర కొలిచి ఇచ్చేవాళ్ళు. డబ్బు కాదు, గింజలు.

రైతు పనిలో తోలు లేని రోజు ఉండేది కాదు. కపిల బావిలో నీళ్ళు తోడే బాన తోలుది, దాన్ని లాగే మిణి తోలుది. ఎద్దుల మెడలో గజ్జెల పట్టె తోలుది. చర్నాకోల కొస తోలుది. ఆ తోలు లేకపోతే మడి తడవదు, పంట రాదు. అయినా ఆ తోలు తెచ్చినవాళ్ళ ఇండ్లు ఊరి బయట ఉండేవి. చచ్చిన పశువుని ఈడ్చుకుని పోవడం వాళ్ళ విధి అనేవాళ్ళు. చెప్పులు కుట్టిన మనిషి, చెప్పులు వేసుకుని ఊరి నడి వీధిలో నడవకూడదు అనేవాళ్ళు. మా అవ్వ ఈ మాటలు కోపంగా చెప్పదు, వంట చేసుకుంటానే చెప్తుంది. వినేవాళ్ళకే కోపం వస్తుంది.

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. దాని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇది మేము సమాజశాస్త్రంలో చదివినాము. అదే కాలంలో, 1948లో, మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ మొదలైంది. తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ తర్వాత దానికి డైరెక్టరు అయినాడు. తోలు గురించి చదివి ప్రపంచంలో పేరు తెచ్చుకున్న తెలుగువాడు ఆయన. 1985లో విమానంలో బాంబు పేలి చనిపోయినాడు. ఆయన గురించి చదివినప్పుడు నాకు ఒకటి అనిపించింది. తోలు ముట్టుకుంటే మైలపడతారనేది నిజమైతే, తోలు సైంటిస్టుని అందరూ ఎందుకు గౌరవించినారు? మైల తోలులో ఎప్పుడూ లేదు. ముట్టుకున్నది ఎవరు అని చూసినవాళ్ళ కళ్ళల్లో ఉండింది.

నేను నేర్చుకున్నది

మా తాత దగ్గర ఇప్పటికీ రంపె, ఆరె, గూటం ఉన్నాయి. రంపె అంటే తోలు కోసే కత్తి, ఆరె అంటే పొడిచి కుట్టేది, గూటం అంటే కొట్టేది. పోయిన వేసవి సెలవుల్లో అల్లడం నేర్పించమని అడిగినాను. ఆడపిల్లకి ఎందుకు అన్నాడు. జడ వేసుకునేది మేమే కదా తాతా అన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు.

మొదట వారు కోయడం. తోలు నిలువుగా కోస్తే తోలు పొడవంతే వారు వస్తుంది. అందుకని గుండ్రటి ముక్క తీసుకుని అంచు నుంచి చుట్టూ తిప్పుతా లోపలికి కోయాలి. అప్పుడు చిన్న ముక్క నుంచి కూడా అతుకు లేకుండా చాలా పొడుగు వారు వస్తుంది. వెడల్పు ఒకేలా ఉండాలి. ఒక చోట సన్నగా పోతే తాడు అక్కడే తెగుతుంది. కోసినాక వారుని గుంజకి కట్టి బాగా లాగాలి. ఎంత సాగాలో అప్పుడే సాగిపోవాలి, లేకపోతే అల్లినాక సాగుతుంది. అంచులు రంపెతో కొంచెం చెక్కితే చేతికి గుచ్చుకోదు.

అన్నిటికంటే కష్టమైనది తడి. తాత చెప్పిన మాట ఇది: "నీళ్ళు ఎక్కువుంటే అల్లేటప్పుడు గట్టిగానే ఉంటాది పాపా. ఎండినాక వారు సన్నమయ్యి సందులు పడతాయి. తడి తక్కువుంటే వంచినప్పుడే పగుల్తాది." అందుకని వార్లని నానబెట్టి తీసి, తడి గోనెపట్టలో చుట్టి రాత్రంతా ఉంచి పొద్దున అల్లాలి. ముట్టుకుంటే చల్లగా ఉండాలి, పిండితే నీళ్ళు రాకూడదు.

జడకి మూడు పాయలు, పగ్గానికి నాలుగు పాయలు. కుడి చివరి పాయని వెనక నుంచి తెచ్చి, రెండు పాయల కింద దూర్చి, ఒక దాని మీదుగా మళ్ళీ కుడి పక్కకే తేవాలి. తర్వాత ఎడమ చివరి పాయ అట్లే. ఇట్లా మార్చి మార్చి చేస్తే గుండ్రటి తాడు వస్తుంది. ప్రతిసారీ ఒకే బలంతో లాగాలి. చివర ఆముదం రుద్ది చేత్తో సాదితే మెత్తబడి, పగలకుండా ఉంటుంది. ఇది పగ్గానికి ఎందుకు మంచిదంటే, నాలుగు పాయల్లో ఒకటి అరిగినా మిగతా మూడు పట్టుకుంటాయి. రౌతుకి తెగిందని తెలుసుకునే సమయం దొరుకుతుంది.

మా నాయనకి ఇది నచ్చలేదు. ఆయన సోలార్ పార్కులో పలకలు కడిగే పనికి పోతాడు. "ఈ వాసన ఇంట్లో నుంచి పోవాలనే కదా నిన్ను చదివిస్తా ఉండేది" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. ఈ పని వల్ల ఆయన బడిలో విడిగా కూర్చున్నాడు. నేను బదులు చెప్పలేదు, అల్లుకుంటా కూర్చున్నాను. కొంచెం సేపు చూసి, నా చేతిలో నుంచి తాడు తీసుకుని, వదులైన నాలుగు వరసలు విప్పి, గబగబా బిగించి అల్లి నా చేతికి ఇచ్చి లోపలికి పోయినాడు. మా నాయనకి ఈ పని వచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ఎన్నేండ్లు అయినా ఆయన వేళ్ళు మరిచిపోలేదు. మరిచిపోవాలని మాత్రం ఆయన చాలా కష్టపడినాడు.

వేరే దేశంలో ఇదే పని

స్పెయిన్‌వాళ్ళు గుర్రాలని అమెరికా ఖండాలకి తీసుకుని పోయినాక అక్కడ కూడా పచ్చితోలు అల్లిక పెరిగింది. అర్జెంటీనా మైదానాల్లో పశువులు కాసే గౌచోలు పగ్గాలు, ఉచ్చుతాళ్ళు అన్నీ పచ్చితోలుతోనే చేసుకున్నారు, ఎందుకంటే అక్కడ పశువులకి కరువు లేదు. మెక్సికోలో పశువుల కాపర్లు అల్లిన తోలుతాడుని రియాతా అంటారు. ఇంగ్లీషులో లారియట్ అనే మాట దాని నుంచే వచ్చింది. అర్జెంటీనాలో ఈ పని చేసేవాళ్ళని సొగెరో అంటారు. వాళ్ళ పనిని దేశపు కళగా చూస్తారు, మంచి పగ్గానికి మంచి ధర పలుకుతుంది.

తోలు అదే, తడి అదే, నాలుగు పాయల అల్లిక కూడా అదే. అక్కడ అల్లినవాడు కళాకారుడు అయినాడు, ఇక్కడ అల్లినవాడు ఊరి బయట ఉన్నాడు. తేడా పనిలో లేదని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇప్పుడు మా ఊరు

పావగడ సోలార్ పార్కు ఉన్న అయిదు ఊళ్ళల్లో వల్లూరు ఒకటి. సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల కరెంటు తయారవుతుంది. భూమి ఉన్న రైతులు ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయల కౌలు లెక్కన భూమి ఇచ్చినారు. వానలు లేక శనక్కాయలు ఎండిపోయే సీమలో అది చాలామందికి ఆధారమే. సేద్యం లేనప్పుడు ఎద్దులు ఎందుకు? చాలామంది అమ్మేసినారు. ఎద్దులు లేకపోతే పట్టెలు లేవు, మిణి లేదు, తాతకి పని లేదు. గుర్రం పోయినప్పుడు ఎద్దు మిగిలింది. ఇప్పుడు ఎద్దు కూడా పోతా ఉంది.

పని పోయినందుకు నేను ఏడవడం లేదు. చచ్చిన పశువుని ఈడ్చే బలవంతపు చాకిరి పోవాల్సిందే, పోయినందుకు సంతోషమే. కానీ చాకిరితో పాటు ఆ తెలివి కూడా పోవాలా? తోలులో ఎంత తడి ఉండాలో చేత్తో ముట్టుకుని చెప్పడం చదువే. అది వందల సంవత్సరాలు పుస్తకం లేకుండా తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. దాన్ని ఎవరైనా నేర్చుకోవచ్చు, ఏ కులమైనా, ఆడపిల్లైనా. ఎవరి మీదా రుద్దకూడదు, అంతే.

తాత చెప్పిన మాటలని నేను ఒక నోటుబుక్కులో రాసుకుంటా ఉన్నాను. వారు, మిణి, లంద, రంపె, ఆరె, గూటం, బాన, మేర. ఇప్పటికి 63 మాటలు అయినాయి. మన పాఠ్యపుస్తకాల్లో వీటిలో చాలా మాటలు కనబడవు. మిత్రులారా, మీ ఊళ్ళో కూడా తోలుపని, కుండలపని, కమ్మరిపని తెలిసిన పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళు వాడే పనిముట్ల పేర్లు అడిగి రాసుకోండి. పేరు పక్కన ఆ మాట చెప్పిన మనిషి పేరు కూడా రాయండి. రాజుల పేర్లు రాసిన శాసనాలు చాలా ఉన్నాయి, పగ్గాలు అల్లినవాళ్ళ పేర్లు రాయడానికి మన దగ్గర నోటుబుక్కులు ఉన్నాయి.